నాలుగు సెకన్ల నవ్వు

పోయిన వారం రూబీని మనం భీమవరం బస్టాండులో వదిలేశాం. చేతిలో ఫోను పట్టుకుని, అందులో చర్చి గ్రూపు తెరవడానికి ధైర్యం చాలక నిలబడి ఉంది పిల్ల. కొత్తగా చదివేవారి కోసం జరిగిందంతా నాలుగు ముక్కల్లో చెప్పేస్తాను. తెలిసినవారు కాస్త ఓపిక పట్టండి.

రూబీది మొగల్తూరు. భీమవరంలో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతూ, కాలేజీలో కొత్తగా పెట్టిన వీడియో ప్రొడక్షన్, ఎడిటింగ్ కోర్సులో చేరింది. కెమెరా పట్టుకోవడం, మనిషి చొక్కాకి మైకు తగిలించడం, తీసిందాన్ని కంప్యూటర్లో కోసి అతకడం, ఇవి ఆర్నెల్లలో నేర్పుతారు. చివర్లో ఒక్కొక్కరూ పది నిమిషాల చిత్రం తీసి చూపించాలి. రూబీ తన ఊరి రొయ్యల చెరువుల మీద తీసింది. నీళ్లను చిలికి రొయ్యలకు గాలి అందించే ఏరియేటర్లు ఉంటాయి కదా, ఏడాది కిందట అలాంటి ఒక ఏరియేటరుకు చుట్టుకున్న నాచు తియ్యడానికి చెరువులో దిగి, కరెంటు కొట్టి చనిపోయాడు అనిల్ కుమార్ అనే కుర్రాడు. అతని తల్లి సత్యకుమారి చేత ఆ సంగతి మాట్లాడించింది రూబీ. ఆ తల్లి ఏడుస్తూ చెబుతున్నచోట, మధ్యలో నాలుగు సెకన్లపాటు ఆమె తమ్ముడు విజయ్ పాల్ ముఖం వస్తుంది. ఆ ముఖంలో నవ్వుంది.

కొంప ముంచింది ఆ నాలుగు సెకన్లే. చిత్రానికి కాలేజీలో మొదటి బహుమతి వచ్చింది. ఎవరో పుణ్యాత్ములు దాన్ని చర్చి గ్రూపులో పెట్టారు. ఊరంతా ఫోను మీద రెండు వేళ్లు పెట్టి ఆ ముఖాన్ని పెద్దది చేసుకుని చూసింది. కొడుకు పోయి అక్క ఏడుస్తుంటే పక్కన కూర్చుని నవ్వాడన్నారు. సత్యకుమారి తమ్ముడితో మాట మానేసింది. రేపు ఆదివారం అనిల్ జ్ఞాపకార్థ కూడిక. దానికి అతను రానక్కర్లేదని పాస్టరుగారి చేత కబురు కూడా పంపింది.

ఇక చదవండి.

కాలేజీ గేటు దగ్గర విజయ్ పాల్‌ను చూడగానే రూబీకి వెనక్కి తిరిగి బస్సెక్కేద్దామనిపించింది. చర్చికి వేసుకునే తెల్ల చొక్కా వేసుకుని, తల నున్నగా దువ్వుకుని, వాచ్‌మన్ కుర్చీ పక్కన నిలబడి ఉన్నాడు. నలభై అయిదేళ్ల మనిషి ఈ నెల రోజుల్లో సగమయ్యాడు. తిడితే పడదామని ముందే సిద్ధపడి దగ్గరికి వెళ్లింది.

"ఏమ్మా రూబీ, అన్నం తిన్నావా?" అన్నాడు.

అదిగో, అదే తట్టుకోలేకపోయింది. ఆ ఒక్క మాటకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

"నన్ను క్షమించు బాబాయ్" అంది.

వాళ్లకేమీ చుట్టరికం లేదు. ఒకే వీధి, ఒకే చర్చి. పుట్టినప్పటినుంచి బాబాయ్ అనే పిలుస్తుంది.

"క్షమించడానికేముందమ్మా. నువ్వు కావాలని చేశావా? నేను వచ్చింది అందుకు కాదు. అది ఎలా వచ్చిందో నాకు చూపించు. నేను అక్క ముందు నవ్వలేదని నాకు తెలుసు, పైనున్న దేవుడికి తెలుసు. మా అక్కకి తెలియాలి. అంతే." కాస్త ఆగి మళ్లీ అన్నాడు. "అక్కని కూడా రమ్మను. నేను చేస్తే ఫోను ఎత్తట్లేదు. నువ్వు చేస్తే ఎత్తుద్ది."

రూబీ అక్కడే నిలబడి ఫోను చేసింది. సత్యకుమారి భీమవరంలోనే ఉంది. రేపటి కూడికకు కొడుకు ఫొటోతో ఫ్లెక్సీ వేయించడానికి వచ్చింది. "మా తమ్ముడు ఉన్నాడా అక్కడ?" అని అడిగింది. ఉన్నాడంటే, "ఫ్లెక్సీ ఇంకా ఇవ్వలేదమ్మా. ఇచ్చాక వస్తాను" అని పెట్టేసింది.

శనివారం మధ్యాహ్నం కాబట్టి ల్యాబులో ఎవరూ లేరు. ఎడిటింగ్ చెప్పే శశిభూషణ్ గారు ఒక్కరే తాళం వేసి వెళ్లబోతున్నారు. కోనసీమ మనిషి, చీమకు కూడా దారిచ్చి నడిచే రకం. ఆయనకు మాత్రం విద్యార్థులు తీసిన అసలు ఫైళ్లు బయటివాళ్లకు చూపించడం ఇష్టం లేదు. పైగా రూబీ చిత్రాన్ని రాష్ట్రస్థాయి పోటీకి కూడా పంపించారు.

"ఏవండీ, మీ బాధ నాకు అర్థమవుతుందండి. కానీ ఇప్పుడు ఇది తప్పని మేమే ఒప్పుకుంటే పోటీ నుంచి తీసేస్తారు. ఈ అమ్మాయి కష్టం పోతుంది, కాలేజీ పేరు పోతుంది."

విజయ్ పాల్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "నా పేరు పోయిందండి ఇప్పటికే" అన్నాడు.

ఆయన కాసేపు రూబీ వంక, కాసేపు తాళం వంక చూసి, "తప్పు ఈ పిల్లది కాదులెండి. అతుకుల మీద వేరే బొమ్మ కప్పమని నేర్పింది నేనే. అరగంటలో వస్తాను" అని తాళాలు బల్లమీద పెట్టి వెళ్లిపోయారు. మంచివాళ్లతో చిక్కే అది. అడ్డం నిలబడరు, పక్కనా నిలబడరు.

రూబీ కంప్యూటరు ఆన్ చేసింది. పక్కన కుర్చీ లాగి విజయ్ పాల్‌ను కూర్చోబెట్టింది. తెర కింది భాగంలో పొడుగ్గా గళ్లు గళ్లుగా చిత్రం పరుచుకుంది.

"ఇది టైమ్‌లైన్ బాబాయ్. మనం చూసే సినిమా అంతా ఇలా ముక్కలుగా ఉంటుంది. ఈ పైన గీతలో ఉన్నవి బొమ్మలు, ఈ కింద పచ్చగా ఉన్నది శబ్దం. ఇదిగో, ఇక్కడ సత్యకుమారి పెద్దమ్మ మాట్లాడుతోంది. మధ్యలో తనకి దగ్గొచ్చింది, మంచినీళ్లు తాగింది. ఆ ముక్క కోసి తీసేశాను. తీసేసి రెండు చివర్లూ కలిపితే పెద్దమ్మ తల టక్కున ఎగిరినట్టు కనబడింది. ఆ అతుకు కనపడకుండా దానిమీద ఇంకో బొమ్మ కప్పాలి. కట్‌అవే అంటారు. మాట కింద నడుస్తూనే ఉంటుంది, పైన బొమ్మ మాత్రం మారుతుంది."

"ఆ కప్పింది నా ముఖమా?"

"నీదే. నాకు ఈ చిన్న తెర మీద నువ్వు తల ఊపడమే కనిపించింది. పెద్దమ్మని ఓదారుస్తున్నట్టు ఉంటుంది అనుకున్నాను. నవ్వు నేను చూడలేదు బాబాయ్. చూసుకోవాల్సింది. చూసుకోలేదు."

విజయ్ పాల్ తెరకు దగ్గరగా వంగాడు. అతని వేలు గాలిలోనే ఆ చిన్న గడి మీద ఆగింది. "ఇది ఎప్పుడు తీశావు?"

"ముందురోజు సాయంత్రం, చెరువు గట్టు మీద. పెద్దమ్మ మాట్లాడింది మర్నాడు పొద్దున్న, వాళ్లింట్లో."

"అంటే అక్క ఆ మాట అనేసరికి నేను అక్కడ లేనే లేను."

"నువ్వు తల ఊపేటప్పటికి ఆ మాట పుట్టనే లేదు."

ఆ మనిషి కుర్చీలో వెనక్కి వాలి రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. నెల రోజులుగా అరుగుల మీద, పాక హోటల్లో, చర్చి మెట్ల మీద తనను చూసి ఆగిపోయిన మాటలన్నీ అతనికి ఆ క్షణంలో గుర్తొచ్చి ఉంటాయి. భుజాలు కదులుతుంటే రూబీకి ఏం చెయ్యాలో తోచలేదు. ఫ్యాను వేగం పెంచి వచ్చి కూర్చుంది.

"ఇంతేనా" అన్నాడు కళ్లు తుడుచుకుని. "ఇంత చిన్నదానికా. అక్క రాగానే ఇలాగే చెప్పమ్మా. ఇప్పుడు నాకు చెప్పినట్టే చెప్పు."

రూబీకి కూడా గుండె మీద బరువు దిగినట్టయింది. ఆ తేలికలోనే ఇంకో మాట అనేసింది. "అసలు ఫైలు శబ్దంతో సహా వేసేద్దాం బాబాయ్. నేనేదో అంటే నువ్వు నవ్వుంటావు. అది కూడా పెద్దమ్మ చెవులతో వింటే ఇంక అనుమానమే ఉండదు."

"నువ్వెప్పుడూ వినలేదా దాన్ని?"

"కట్‌అవేకి శబ్దం అక్కర్లేదు. ముందే తీసేస్తాం. ఉంచితే రెండు శబ్దాలు కలిసి గోల అయిపోతుంది."

నిజం చెప్పాలంటే ఆ ఫైలు ఉండటమే పొరపాటు. ఆ సాయంత్రం రూబీ కెమెరా స్టాండు మీద పెట్టి, విజయ్ పాల్‌ను ఎదురుగా కూర్చోబెట్టి, చొక్కాకి మైకు తగిలించి, రికార్డు బటను నొక్కింది. తీరా చూస్తే హెడ్‌ఫోన్లు స్కూటీలో మర్చిపోయింది. కెమెరా ఆపాననే అనుకుని గట్టు చివరికి పరుగెత్తింది. ఆ కోర్సులో చేరిన ప్రతి ఒక్కరూ మొదటి నెలలో చేసే తప్పే ఇది. ఆపాననుకున్నప్పుడు కెమెరా తిరుగుతుంది, తిరుగుతోందనుకున్నప్పుడు ఆగి ఉంటుంది. క్లాసులో ఒకరినొకరు దానిమీద ఏడిపించుకుంటారు. ఇంటికొచ్చాక ఏడు నిమిషాల ఫైలు ఉందని చూసి, పోనీలే, కప్పడానికి పనికొస్తుందని ఉంచుకుంది.

ఆ ఫైలు తెరిచి, స్పీకర్లు పెట్టి, మొదటినుంచి వేసింది.

తెరమీద విజయ్ పాల్. వెనక చెరువు, సాయంత్రపు ఎండ. ఏరియేటర్ల హోరు. "బాబాయ్, ఇక్కడే ఉండు, హెడ్‌ఫోన్లు మర్చిపోయాను" అని రూబీ గొంతు, దూరమవుతున్న చెప్పుల చప్పుడు. తరువాత చాలాసేపు ఏమీ లేదు. అతను మైకు తీగ సర్దుకున్నాడు, దోమను కొట్టాడు. పక్కన కూర్చున్న విజయ్ పాల్ తనను తాను అలా చూసుకుని చిన్నగా సిగ్గుపడ్డాడు.

అప్పుడు బొమ్మలో కనబడని ఇంకో మనిషి గొంతు వినబడింది. నింపాదిగా, దగ్గరగా.

"ఏరా విజయ్, ఆ పిల్ల ఏం అడుగుతోంది?"

రూబీ ఆ గొంతును గుర్తుపట్టింది. విజయ్ పాల్ పనిచేసే ఆ చెరువులు లీజుకు తీసుకున్న సూర్యప్రకాశం గారు.

"ఇంకా ఏం అడగలేదండి. అనిల్ గురించి అడుగుద్దేమోనండి."

"అడిగితే ఏం చెప్పాలో తెలుసుగా. చెప్పకుండా దిగాడు, అంతే. మెయిన్ స్విచ్చి ఆపొద్దని నేనన్నట్టు ఎక్కడా రాకూడదు. కుర్రాడు నిన్నడిగాడు, నువ్వు నాకు ఫోన్ చేశావు. అది ముగ్గురికే తెలుసు. వాడు లేడు. ఇంక మనమిద్దరం. నువ్వు నోరు జారకపోతే నీ పనికి నేను పూచీ."

తెరమీద విజయ్ పాల్ పెదవులు బిగించాడు. తల ఊపాడు. బిగించిన పెదవులే పక్కకు సాగి నవ్వయ్యాయి.

"అలాగేనండి" అన్నాడు.

అవే నాలుగు సెకన్లు.

రూబీ ఫైలు ఆపింది. ఆపిందో, చెయ్యి దానంతటదే వెళ్లి ఆపిందో ఆమెకు తెలియదు. తెరమీద ఆ నవ్వు అలాగే నిలిచిపోయింది. పక్కన ఉన్న మనిషి వైపు తిరగడానికి భయమేసింది. ఊరంతా ఈ ముఖాన్ని తప్పుగా చదివిందని నెల రోజులుగా కుమిలిపోయింది తను. ఇప్పుడు సరిగ్గా చదివితే ఇదీ ఉన్నది.

"బాబాయ్" అంది. "అనిల్ అన్న నిన్నడిగాడా?"

అతను తల దించుకున్నాడు. జవాబు నేలకేసి చెబుతున్నట్టు వచ్చింది.

"తెల్లారగట్లమ్మా. నీళ్లలో ఆక్సిజన్ పడిపోయింది. రొయ్య పైకి తేలిపోతోంది. రెండో ఏరియేటరుకి నాచు చుట్టుకుని ఆగిపోతోంది. మామయ్యా మెయిన్ ఆపు, దిగి తీసేస్తాను అన్నాడు వాడు. నేను ఫోన్ చేశాను. అయిదు నిమిషాలు అన్నీ ఆగితే చెరువు మొత్తం పోద్ది, ఆపొద్దు అన్నారు. వాడు నా వంకే చూస్తున్నాడు. ఏం కాదులేరా, దిగు అన్నాను." తల అడ్డంగా ఊపుకున్నాడు. "నేనే అన్నానమ్మా. వాడికి జోల పాడిన నోటితో నేనే అన్నాను."

రూబీకి కోపం వచ్చింది, జాలి వేసింది, ఆ రెండింటిలో ఏది ముందు వచ్చిందో చెప్పలేను. సత్యకుమారి చిత్రంలో అన్న మాట ఒకటి ఆమెకు కంఠతా వచ్చు. ఎన్నిసార్లు కోసి అతికిందని. 'నా కొడుకు తొందరమనిషి. ఎవరికీ చెప్పకుండా దిగాడంట. ఒక్కమాట వాళ్ల మామయ్యకి చెప్పుంటే బతికేవాడు' అంటుంది ఆ తల్లి. ఏడాదిగా చనిపోయిన కొడుకునే తప్పు పడుతోంది.

"పెద్దమ్మ ఏడాదిగా తప్పు అనిల్ అన్నయ్యదే అనుకుంటోంది బాబాయ్."

"తెలుసు."

"తెలిసి ఎలా ఊరుకున్నావు?"

"మొదటిరోజు చెప్పలేకపోయాను. రెండో రోజు, మొదటిరోజు ఎందుకు చెప్పలేదంటారని భయమేసింది. అలా ఏడాది అయిపోయింది." అతను రూబీ చెయ్యి పట్టుకోబోయి, మానేసి, బల్ల అంచు పట్టుకున్నాడు. "తీసెయ్యమ్మా దాన్ని. నాకేం చూపించొద్దు, ఎవరికీ చెప్పొద్దు. నేను నవ్వాననే అనుకోనీ. నవ్వాననే మాట మోస్తాను, అలవాటైంది. ఇది వింటే మా అక్క బతకదు."

అరగంట కిందట చూపించమని వచ్చిన మనిషే చెరిపేయమంటున్నాడు. ఆ ఫైలు ఎక్కడుందో రూబీకి తెలుసు. కెమెరాలోని కార్డు ఎప్పుడో ఖాళీ చేసి ఇంకో బ్యాచికి ఇచ్చేశారు. ఉన్నది ఈ కంప్యూటర్లో ఒక్కచోటే. మౌసు మీద కుడివైపు నొక్కి, ఒక మాట ఎంచుకుంటే చాలు. పోటీలో చిత్రం అలాగే ఉంటుంది. సూర్యప్రకాశం గారి జోలికి ఎవరూ వెళ్లరు. ఆ చెరువుల మీదే రూబీ వాళ్ల నాన్న సామ్యేలు కూడా పని చేస్తున్నాడు. ఆ సంగతి ఇప్పుడే తట్టింది ఆమెకు. తట్టినందుకు తనమీద తనకే అసహ్యం వేసింది.

"నాలుగు సెకన్లు వేరేచోట పెట్టినందుకే నీ బతుకు ఇలా అయ్యింది బాబాయ్" అంది చివరికి. "ఏడు నిమిషాలు చెరిపేస్తే పెద్దమ్మ బతుకేం కావాలి?"

అతను జవాబు చెప్పేలోపే వరండాలో అడుగులు వినబడ్డాయి. రూబీ గబుక్కున తెర ఆర్పింది.

గుమ్మంలో సత్యకుమారి నిలబడి ఉంది. ఎండలో నడిచి వచ్చిందేమో ముఖమంతా చెమట. చంకలో చుట్టిన ఫ్లెక్సీ. తమ్ముణ్ణి చూసింది. అతను లేచి నిలబడ్డాడు. నెల రోజుల తరువాత అక్కాతమ్ముళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం అదే.

"కూర్చోండి పెద్దమ్మా" అంది రూబీ. కుర్చీ ముందుకు లాగింది.

"కూర్చోనమ్మా, బస్సుకి టైమైపోద్ది." ఆమె లోపలికి వచ్చి ఫ్లెక్సీని బల్లమీద పెట్టి, కొంచెం విప్పింది. అనిల్ కుమార్ ఫొటో, పుట్టిన తేదీ, ప్రభువు పిలిచిన తేదీ, ఒక బైబిలు వాక్యం. అడుగున కుటుంబసభ్యుల పేర్లు. ఆమె ఒక పేరు మీద వేలు పెట్టింది. "చూడరా. నీ పేరు వేయించాను."

మేనమామ విజయ్ పాల్ అని ఉంది.

"అక్కా" అన్నాడు అతను. 

"నువ్వు నవ్వావో, నవ్వలేదో, ఈ పిల్ల ఏం చూపిస్తుందో నాకేం అక్కర్లేదు. ఫ్లెక్సీ షాపులో కూర్చుని ఆలోచించుకున్నాను. వాణ్ణి భుజాల మీద తిప్పినోడివి. నీకు నవ్వొస్తుందా? జనం మాటలు పట్టుకుని నిన్ను దూరం చేసుకున్నాను. రేపు పొద్దున్నే రా. సమాధి దగ్గర ప్రార్థన నువ్వే చెయ్యాలి."

విజయ్ పాల్ ఏడుస్తున్నాడు. రూబీ చెయ్యి మౌసు మీదే ఉంది. అయిపోయింది, ఇంక ఎవరూ ఏమీ చూపించనక్కర్లేదు, ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేదు అని ఆమె మనసులో ఒక గొంతు అంటూనే ఉంది. అలా అనుకోవడం ఎంత హాయిగా ఉందో, అంత భయంగానూ ఉంది.

సత్యకుమారి ఫ్లెక్సీ చుట్టడం మొదలుపెట్టింది. సగం చుట్టి, కొడుకు ఫొటో దగ్గర ఆగింది.

"ఒక్కటి అడుగుతాను తమ్ముడూ. రేపు అక్కడ నిలబడి ప్రార్థన చేసేవాడివి నువ్వు, అందుకని అడుగుతున్నాను. వాడు నీకు చెప్పకుండానే దిగాడు కదా?"

విజయ్ పాల్ నోరు తెరిచాడు.  అతని కళ్లు అక్క మీదినుంచి తప్పుకుని, రూబీ మీదికి వెళ్లి అక్కడే ఆగిపోయాయి.

సత్యకుమారి ఆ చూపు వెంటే తల తిప్పింది. ఆర్పేసిన తెర వంక చూసింది, మౌసు మీద ఉన్న చెయ్యి వంక చూసింది, ఆ పిల్ల ముఖం వంక చూసింది.

"నీకు తెలుసా?" అంది.